ఆవిరి ఇంజను మీద ఒక రోజు: నారో గేజి రైల్లో స్వచ్ఛందంగా ఫైర్‌మన్ పని ఎలా చేయాలి

ఆవిరి ఇంజనులో బొగ్గు వేస్తూ, నీళ్లు చూసుకునే మనిషే ఫైర్‌మన్. తెల్లవారుజామున అయిదున్నరకు షెడ్డులోకి వెళ్లగానే ఇంజను ఎక్కి, బొగ్గు మండే ఫైర్‌బాక్సు తలుపు పక్కన బాయిలరు ఇనుముకు చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. అరచెయ్యి వద్దు, చేతి వెనుక వైపు పెట్టండి. కాలితే చెయ్యి తనంతట తానే వెనక్కి వస్తుంది, పైగా పని చేసే అరచెయ్యి క్షేమంగా ఉంటుంది. నిన్న నడిచిన ఇంజనైతే ఇంకా వెచ్చగానే ఉంటుంది. వారం రోజులుగా కదలనిదైతే బావిగట్టు రాయిలా చల్లగా తగులుతుంది. వెచ్చగా ఉన్నది రెండు గంటల్లో ఆవిరి పట్టవచ్చు. చల్లగా ఉన్నదానికి చిన్న ఇంజనైనా నాలుగు గంటలు పట్టవచ్చు. పదిన్నర రైలుకు అయిదున్నరకే ఎందుకు రమ్మన్నారో అప్పుడు అర్థమవుతుంది.

రోజంతా గుర్తు పెట్టుకోవలసింది కూడా ఇదే. ఈ ఇంజను ఏ మాటా వెంటనే వినదు. ఇప్పుడు వేసిన బొగ్గు కొన్ని నిమిషాల తరువాత రాబోయే ఎత్తు కోసం. ఇప్పుడు పోసిన నీళ్లు ఆ ఎత్తు దాటాక వచ్చే పల్లం కోసం. ఫైర్‌మన్ ఎప్పుడూ రైలు కంటే ఒక మైలు ముందు బతకాలి.

పనిలో చేరడానికి

బ్రిటన్‌లోని వేల్స్ కొండల్లో ఇలాంటి నారో గేజి, అంటే పట్టాలు దగ్గరగా ఉన్న చిన్న రైళ్లు చాలా ఉన్నాయి. మామూలు రైలు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లయితే, ఫెస్టినియోగ్ రైలుకు 597, తాలిల్లిన్ రైలుకు 686. పలక గనుల నుంచి సరుకు దింపడానికి కొండ వాలు వెంట మలుపులు తిరుగుతూ వేసిన దారులివి. పట్టాలు దగ్గరగా ఉంటే మలుపు ఇరుకైనా బండి తిరుగుతుంది, కొండను తవ్వే ఖర్చూ తగ్గుతుంది. ఫెస్టినియోగ్ 1836లో మొదలైనప్పుడు దానికి ఇంజనే లేదు. పలకలు నింపిన పెట్టెలు వాలు మీద తమంతట తామే దిగేవి, ఖాళీ పెట్టెలను గుర్రాలు పైకి లాగేవి. ఆవిరి ఇంజన్లు 1863లో వచ్చాయి.

మూతపడబోతున్న తాలిల్లిన్ మార్గాన్ని 1951లో రచయిత ఎల్.టి.సి. రోల్ట్, ఆయన మిత్రులు కలిసి జీతం తీసుకోని మనుషులతో నడపడం మొదలుపెట్టారు. స్వచ్ఛంద సేవకులు ఇలా నిలబెట్టుకున్న రైలు మార్గాల్లో ప్రపంచంలోనే అది మొదటిది. ఆ మొదటి రోజుల్లో వాళ్ల చేతిలో పని చేసే స్థితిలో ఉన్నది 1866 నాటి డోల్‌గోఖ్ అనే ముసలి ఇంజను ఒక్కటే. ఇప్పుడు మీరు వెళ్లబోయేది ఏ మార్గమైనా, దాని వెనుక ఇలాంటి మొండితనం ఏదో ఒకటి ఉంటుంది.

జీతం లేని పనే కదా అని నియమాలేవీ సడలవు. ముందు ఆ రైలు సంఘంలో సభ్యులుగా చేరాలి. పట్టాల దగ్గర ఎలా మెలగాలో శిక్షణ ఇస్తారు, నియమాల పుస్తకం చేతికిస్తారు, చూపు పరీక్షిస్తారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారు సిగ్నళ్లు చూసే పనికి పనికిరారు. ఆ తరువాత కొన్నాళ్లు ఇంజన్లు తుడవడమే పని. తుడిచేవారు ఫైర్‌మన్ కావాలన్నా, ఫైర్‌మన్ డ్రైవరు కావాలన్నా లెక్క సంవత్సరాల్లోనే. అందుకే మొదటి రోజే పార చేతికిస్తారని అనుకోకండి. తుడుపు పనిలో కొంత అనుభవం వచ్చాక, ఒక ఉదయం డ్రైవరు, ఫైర్‌మన్‌లతో పాటు మిమ్మల్ని మూడో మనిషిగా ఎక్కిస్తారు. కింద రాసినదంతా ఆ రోజు కోసం.

ఒంటి మీద మొత్తం నూలు బట్టలే ఉండాలి. నైలాను మీద నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. వేళ్ల దగ్గర ఇనుప తొడుగు ఉన్న తోలు బూట్లు, తోలు చేతితొడుగులు, టోపీ, మెడకు నూలు గుడ్డ, కంటికి రక్షణ అద్దాలు కావాలి. ఉంగరాలు, వేలాడే గొలుసులు ఇంట్లో వదిలేయండి. రెండు సీసాల మంచినీళ్లు దగ్గర ఉంచుకోండి. దాహం వేసే దాకా ఆగితే ఆలస్యమైనట్లే. ముందు రోజు రాత్రి మద్యం జోలికి పోకూడదు, దీని మీద ఎవరూ రాజీపడరు.

నిప్పు కంటే ముందు నీళ్లు

షెడ్డులో సంతకం చేసి, నోటీసు బోర్డు చదివి, ఇంజను మరమ్మతుల పుస్తకం తిరగేయండి. నిన్నటివాళ్లు రాసిన లోపం సరిచేశారో లేదో అందులో ఉంటుంది. ఇంజను మీద "కదపరాదు" అన్న బోర్డు వేలాడుతోందా చూడండి. అది ఉంటే ఎవరో కింద పని చేస్తున్నట్లు లెక్క. తరువాత డ్రైవరు, ఫైర్‌మన్ నిలబడే ఫుట్‌ప్లేటు ఎక్కి నాలుగు విషయాలు చేత్తో తడిమి చూడాలి: చేతి బ్రేకు బిగించి ఉండాలి, సిలిండర్లకు ఆవిరి వదిలే రెగ్యులేటరు మూసి ఉండాలి, ముందుకో వెనక్కో నడిపే రివర్సరు మధ్యలో ఉండాలి, సిలిండర్ల కింది నీటి కుళాయిలు తెరిచి ఉండాలి. కళ్లతో చూస్తే చాలదు. రెగ్యులేటరు కొద్దిగా తెరిచి మరచిపోయిన ఇంజను, ఆవిరి పట్టగానే ఎవరూ లేకుండానే షెడ్డులోంచి బయలుదేరగలదు.

ఇప్పుడు నీళ్లు. బాయిలరులో నీళ్లున్నాయని తేలే వరకు అగ్గిపుల్ల జేబులోనే ఉండాలి. ఫైర్‌బాక్సు పైకప్పు మీద ఎప్పుడూ నీళ్లు కప్పుకుని ఉంటేనే ఆ లోహం నిలుస్తుంది. చదరపు అంగుళానికి 160 పౌండ్ల ఒత్తిడి దగ్గర నీళ్ల వేడి 188 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. నీళ్లున్నంతవరకు కప్పు వేడి దానికి మరీ దూరం పోదు. నీళ్లు అడుగంటితే మాత్రం కింద మండే నిప్పు వేడి నేరుగా లోహానికి ఎక్కుతుంది, అది మెత్తబడి ఒత్తిడికి లొంగిపోతుంది. కప్పులో బిగించిన సీసపు బిరడా 327 డిగ్రీల దగ్గర కరిగి ఆవిరిని నిప్పు మీదికి వదులుతుంది. అది ఆఖరి హెచ్చరిక. ఆ బిరడా కరిగిన రోజు ఫైర్‌మన్ తల ఎత్తుకోలేడు.

నీళ్లెంత ఉన్నాయో చెప్పేది క్యాబులోని నిలువు గాజుగొట్టం. సాధారణంగా రెండు ఉంటాయి. ఇక్కడ ఒక చిక్కుంది: నిండుగా ఉన్న గాజు, పూర్తిగా ఖాళీ అయిన గాజు చూడటానికి ఒకేలా ఉంటాయి. అందుకే గొట్టం వెనుక ఏటవాలు చారలున్న పలక బిగిస్తారు. నీళ్లున్న చోట ఆ చారలు ఎదురు దిక్కుకు వంగినట్లు కనిపిస్తాయి. ఒకే పలక మీద చారలు పైన ఒక వైపుకు, కింద మరో వైపుకు వాలి కనిపిస్తే, ఆ రెండూ కలిసే చోటే నీటి మట్టం. అంతటితో నమ్మకండి. కింది కుళాయి తెరిచి గాజును ఖాళీ చేయండి, మూయండి. నీళ్లు చటుక్కున పాత మట్టానికి ఎగబాకాలి. నీరసంగా పాకుతూ వస్తే లోపల దారి పూడుకుపోతోందని అర్థం, డ్రైవరుకు చెప్పండి. ఆవిరి పట్టాక ఈ పరీక్ష మళ్లీ చేయాలి. రెండో గాజును కూడా ఇలాగే చూడండి.

తరువాత టార్చి వేసి ఫైర్‌బాక్సు లోపల చూడండి. గొట్టాల చివర్లు, సీసపు బిరడా, పక్క గోడల మేకులు ఎక్కడైనా చెమ్మగా ఉన్నాయా? ఇనుప కమ్ములు వంగిపోయాయా? ముందు వైపు స్మోక్‌బాక్సు తలుపు తీసి, నిన్నటి మసి బొగ్గు రజను పారతో తోడేయండి. లోపల ఇంకా కణికలు ఉండవచ్చు, ముఖం దూరంగా పెట్టుకోండి. తలుపు మళ్లీ గట్టిగా బిగించాలి. రైలు నడిచేటప్పుడు సిలిండర్లు వదిలే ఆవిరి పొగగొట్టంలోంచి పైకి దూసుకుపోతూ స్మోక్‌బాక్సులో గాలి లేకుండా చేస్తుంది. ఆ లోటు పూడ్చడానికే ఫైర్‌బాక్సు మంట గొట్టాల గుండా పరుగున వస్తుంది. ఇంజను ఊపిరి అంటే అదే. తలుపు సందులోంచి బయటి గాలి చొరబడితే ఊపిరి సగం పోతుంది.

ఇంకొక్కటి. పొగగొట్టం మీద మూత తీశారా? నేను మొదటిసారి ఇవన్నీ వరుస తప్పకుండా చేసి, నిప్పు పెట్టి, గర్వంగా చేతులు కట్టుకుని నిలబడ్డాను. రెండు నిమిషాల్లో షెడ్డంతా పొగ. డ్రైవరు ఒక్క మాట కూడా అనలేదు. నిచ్చెన తెచ్చి గోడకు ఆనించి, నా వైపు చూశాడు.

నిప్పు రాజేయడం

ఫైర్‌బాక్సు అడుగున నిప్పును మోసే గ్రేటు కమ్ముల అంచుల వెంట పలుచగా బొగ్గు పరవండి. మధ్యలో ఎండు కట్టెలను గాలి ఆడేలా అడ్డదిడ్డంగా పేర్చండి. కిరోసిన్‌లో తడిపిన పీచు గుడ్డలను పార మీద పెట్టి వెలిగించి, పారతోనే లోపలికి తోసి కట్టెల మీద వదలండి. కట్టెలు బాగా అంటుకున్నాక పిడికెడంత బొగ్గు పెళ్లలు ఒక్కొక్కటిగా మంట ఉన్న చోట వేయండి. మంట లేని చోట వేసిన బొగ్గు పొగ మాత్రమే ఇస్తుంది.

తొందర పనికిరాదు. బాయిలరులో రాగి, ఇనుము పక్కపక్కనే ఉంటాయి, అవి ఒకే తీరున వ్యాకోచించవు. ఒక్కసారిగా వేడి పెడితే అతుకులు, గొట్టాల చివర్లు నీళ్లు కారడం మొదలుపెడతాయి. ఒత్తిడి ముల్లు ఇరవై ముప్పై పౌండ్లు దాటే వరకు ఇంజను తనంతట తాను నిదానంగా ఊపిరి తీసుకుంటుంది. అప్పుడు బ్లోయరు కొద్దిగా తెరవవచ్చు. బ్లోయరంటే పొగగొట్టం అడుగున సన్నటి ఆవిరి ధార. ఇంజను ఆగి ఉన్నప్పుడు మంటకు గాలి లాగేది అదే.

బొగ్గును చూసి వాడండి. వేల్స్‌లోని ఫోస్ అ వ్రాన్ గని 2023లో మూతపడ్డాక, చుట్టుపక్కలే దొరికిన మంచి ఆవిరి బొగ్గు ఈ రైళ్లకు దూరమైంది. ఎక్కడినుంచో తెప్పించుకుంటున్నారు, కొన్నిచోట్ల బొగ్గు పొడిలో వృక్ష సంబంధ పదార్థాలు కలిపి అచ్చు పోసిన ఉండలు కూడా వాడి చూస్తున్నారు. ఏ బొగ్గు గుణం ఏమిటో ఆ రోజు ఫైర్‌మన్‌ను అడగండి. నిన్నటి అలవాటుతో ఇవాళ్టి బొగ్గు వేస్తే నిప్పు మాట వినదు.

తుడుపూ నూనే

ఆవిరి పట్టే లోపు గంటన్నర మీదే. లోహం వెచ్చబడుతుండగా తుడిస్తే నిన్నటి నూనె జిడ్డు తేలిగ్గా వస్తుంది. పైనుంచి కిందికి తుడవండి, కింద నుంచి మొదలుపెడితే రెండుసార్లు తుడవాలి. తుడవడం అంటే అందం కోసమే అనుకుంటే పొరపాటు. పగుళ్లు, వదులైన బోల్టులు, ఊడిన పిన్నులు మసి కింద కనిపించవు. కనెక్టింగు రాడ్లను నూనె గుడ్డతో వేలితో నిమురుతూ పోతే కంటికి అందని గీత వేలికి అందుతుంది.

నూనెలు రెండు రకాలు. సిలిండర్లలోకి పోయేది చిక్కటిది, ఆవిరి వేడికి తట్టుకునేది. బేరింగులకు పలుచటిది. ఒకదాని డబ్బా తీసుకుని మరోదానిలో పోయకండి. బేరింగుల నూనె కప్పుల్లో ఉన్ని వత్తులు ఉంటాయి. దీపం వత్తి నూనె పీల్చినట్టే ఇవి కూడా కప్పులోంచి నూనెను పీల్చి చుక్క చుక్కగా కిందికి దింపుతాయి. కప్పు నింపాక బిరడా తిరిగి పెట్టడం మరచిపోతే దారి పొడవునా ధూళి లోపలికి పోతుంది. నూనె పోసిన చోట్లు లెక్కపెట్టుకోండి. పద్దెనిమిది చోట్లని మీ ఫైర్‌మన్ చెబితే, మీ లెక్క పదిహేడు అయితే మళ్లీ మొదటి నుంచి రండి. ఇంజను కిందికి దూరే ముందు డ్రైవరుకు చెప్పి, బోర్డు వేలాడదీసి, అప్పుడే దూరండి.

బయలుదేరే ముందు

సిలిండర్ల కుళాయిలు తెరిచి ఉంచే మొదటి కదలికలు చేస్తారు. చల్లటి సిలిండరులో ఆవిరి నీళ్లుగా మారుతుంది, నీళ్లు నొక్కుకుపోవు. కుళాయిలు మూసి కదిలిస్తే పిస్టను ఆ నీళ్లను గుద్ది సిలిండరు మూతను పగలగొట్టగలదు. ఆవిరి బుసబుసలాడుతూ రెండు వైపులా చిమ్ముతుంది కనుక, ఎవరూ పక్కన లేరని చూసి ఈల వేశాకే కదలాలి.

ఒకే లైను మీద నడిచే రైలు కనుక టోకెను అందుకోవడం ఫైర్‌మన్ పని. 1874లో ఇంగ్లాండులో థోర్ప్ దగ్గర ఒకే లైను మీద రెండు రైళ్లు ఎదురెదురుగా ఢీకొన్నాయి. ఆ తరువాత ఎడ్వర్డ్ టయ్యర్ 1878లో విద్యుత్తుతో పని చేసే టోకెను యంత్రం తయారుచేశాడు. ఒక భాగానికి ఒకసారి ఒకే టోకెను బయటికి వస్తుంది. అది చేతిలో లేని డ్రైవరు ఆ భాగంలోకి వెళ్లకూడదు. టోకెను మీద రాసిన పేరు మీరు పైకి చదవండి, డ్రైవరు చదివి వినిపించాలి. ఇద్దరూ చదివిన పేరు దారి పేరుతో కలిస్తేనే బయలుదేరడం.

దారిలో

నారో గేజి ఇంజనులో నిలబడే చోటు ఇరుకు. నడుం వంచి, ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి పెట్టి, మోకాళ్లు వదులుగా ఉంచండి. పట్టాల కుదుపుకు మోకాళ్లే సర్దుకోవాలి. పార కూడా చిన్నదే, సగం నింపితే చాలు. పార అంచును ఫైర్‌బాక్సు తలుపు గడప మీద ఆనించి, మణికట్టును ఒక్కసారి తిప్పండి. పార ఆగిపోవాలి, బొగ్గు ముందుకు పోవాలి. భుజబలం అక్కరలేదు. నేను మొదట్లో భుజంతో విసిరితే పార తలుపు చట్రానికి తగిలి బొగ్గంతా నా బూట్ల మీదే పడింది. అలా పడ్డ బొగ్గు ఊడ్చి పెట్టుకోండి, కాలు జారితే పట్టుకోవడానికి అక్కడ చల్లటి వస్తువేదీ ఉండదు.

ఎక్కడ వేయాలి? మొదట వెనుక వైపు మూలలు రెండు, తరువాత తలుపు కింద, తరువాత పక్కలు, ఆఖరున ముందు వైపు మూలలు. మధ్యలో వేయనవసరం తక్కువ, కుదుపుకు అదే నిండుతుంది. ఎక్కడ ఖాళీ ఉందో చూడాలంటే మంట వెలుగుకు కళ్లు చెదురుతాయి. పారను బోర్లించి తలుపులోంచి కొద్దిగా లోపలికి దూర్చండి. పార కింది నుంచి దూసుకుపోయే గాలి మంటను పక్కకు తోస్తుంది, ఆ సందులో గ్రేటు మీద బొగ్గు పడక తీరు కనిపిస్తుంది. తెల్లగా మెరుస్తున్న చోటు ఆకలి మీద ఉన్న చోటు. ఎర్రగా, మందంగా, కదలకుండా ఉన్నది ఇంకా అరగని చోటు. ఈ పారతో చూసే పద్ధతి ఒక్కటి చేతికి పట్టుబడితే మీరు సగం ఫైర్‌మన్ అయినట్లే.

తరువాత పొగగొట్టం వైపు చూడండి. లేత బూడిద రంగు పొగ పలుచగా పోతుంటే అంతా సవ్యంగా ఉంది. నల్లటి పొగ అంటే బొగ్గు ఎక్కువ, గాలి తక్కువ. తలుపు ఒక అంగుళం తెరిస్తే పై నుంచి గాలి అంది తేటబడుతుంది. పొగే లేదంటే మళ్లీ వేసే సమయం దగ్గరపడింది. కొద్దికొద్దిగా, తరచుగా వేయడమే ఈ విద్యలో పెద్ద మాట. ఒక్కసారి పది పారలు వేసి కూర్చుంటే నిప్పు చల్లబడుతుంది, ముల్లు దిగుతుంది, ఎత్తు ఎక్కే చోటే ఇంజను నీరసిస్తుంది.

నీళ్లు నింపేది ఇంజెక్టరు. 1858లో హెన్రీ గిఫార్డ్ అనే ఫ్రెంచి ఇంజనీరు కనిపెట్టిన ఈ పరికరంలో కదిలే చక్రం గానీ, పిస్టను గానీ ఉండవు. బాయిలరు ఆవిరినే సన్నటి మూతిలోంచి వేగంగా వదిలి, ఆ వేగంతో చల్లటి నీళ్లను అదే బాయిలరులోకి నెట్టడం. ముందు నీటి వాల్వు తెరవండి. కింది గొట్టంలోంచి నీళ్లు కారడం చూసి ఆవిరి వాల్వు తెరవండి. మొదట గొట్టంలోంచి నీళ్లూ ఆవిరీ కలిసి చిమ్ముతాయి. నీటి వాల్వును కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే ఒక చోట ఆ కారడం ఆగి, సన్నగా ఒకే శ్రుతిలో హోరు వినిపిస్తుంది. అందుకుందన్నమాట. ఆ హోరు ఆగినా, మారినా చెవి వెంటనే పట్టుకోవాలి. పట్టుకోకపోతే నీళ్లు బాయిలరులోకి బదులు పట్టాల మీదికి పోతుంటాయి. మొదటి రోజు నేను రెండు కిలోమీటర్ల దారిని అలా కడిగాను.

ఎప్పుడు పోయాలి? ముల్లు ఎర్రగీతకు చేరుతూ, సేఫ్టీ వాల్వు సిమ్‌సిమ్ మనబోతున్నప్పుడు. చల్లటి నీళ్లు వెళితే ఒత్తిడి కొంచెం దిగుతుంది, పైకి పోయే ఆవిరి లోపలే ఉంటుంది. సేఫ్టీ వాల్వు లేచి తెల్లటి స్తంభం ఆకాశానికి పోతుంటే ప్రయాణికులు చప్పట్లు కొడతారు, డ్రైవరు మాత్రం ముఖం చిట్లిస్తాడు. అది వృథా పోతున్న బొగ్గు.

కొండ దారిలో గాజుగొట్టం అబద్ధమాడుతుంది. పొగగొట్టం ముందుగా ఎత్తు ఎక్కుతుంటే నీళ్లు వెనుక వైపుకు, అంటే మీ గాజు వైపుకు వాలుతాయి, ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తాయి. కొండ నెత్తి దాటి వాలులోకి దిగిన క్షణంలో నీళ్లన్నీ ముందుకు పరుగెత్తుతాయి, ఫైర్‌బాక్సు కప్పు మీద పలుచబడతాయి. ఎక్కేటప్పుడు సగం గాజు చూసి నిబ్బరంగా ఉన్నవాడు దిగేటప్పుడు గాజు అడుగు చూసి బెంబేలెత్తుతాడు. అందుకే నెత్తి రాకముందే ముప్పాతిక గాజు ఉండేలా చూసుకోండి. మరీ నింపకండి, మీదికి పొంగిన నీళ్లు ఆవిరితో పాటు సిలిండర్లలోకి పోతాయి. ఎత్తుల పట్టిక చెప్పేవాటి కంటే పాత ఫైర్‌మన్ చూపించే గుర్తులు మేలు. ఆ తెల్ల గేటు దగ్గర ఇంజెక్టరు, ఆ వంతెన దగ్గర నాలుగు పారలు, ఇలా.

డ్రైవరు రెగ్యులేటరు మూయబోతున్నాడంటే మూయక ముందే బ్లోయరు తెరిచి ఉండాలి. ఈ వాక్యం రెండుసార్లు చదవండి. సిలిండర్ల ఆవిరి ఆగగానే లోపలికి లాగే ఊపిరి ఆగుతుంది, అప్పుడు మంట దారి తెలియక ఫైర్‌బాక్సు తలుపులోంచి క్యాబులోకే తన్నుకు వస్తుంది. సొరంగంలో, వంతెన కింద ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అక్కడ తలుపు మూసి పెట్టండి, దాని ఎదుట నిలబడకండి.

ఈ మధ్యలో మీ వైపు మలుపులో కనిపించే సిగ్నళ్లు చూసి పైకి చెప్పడం, గేట్ల దగ్గర ఈల వినపడిందో లేదో గమనించడం కూడా ఉంటాయి. తల బయట పెట్టేటప్పుడు రాతి గోడ ఎంత దగ్గరో చూసుకోండి. చిన్న రైలు దారుల్లో గోడలు చేతికి అందుతాయి. పట్టాల పక్కన పిల్లలు చేతులూపుతుంటారు. నిప్పు, నీళ్లు సరిగా ఉన్నాయని తేలితే మీరూ ఊపండి.

ఆగిన ప్రతి చోటా దిగి, బేరింగులను చేతి వెనుక వైపుతో తాకి చూడండి. వెచ్చగా ఉండటం మామూలే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నది నూనె అందనిది, అప్పుడే చెప్పాలి. ట్యాంకులో నీళ్లు నింపేటప్పుడు గొట్టం తోలు మూతిని ట్యాంకులోకి పెట్టాకే వాల్వు తెరవమనండి. వరుస తారుమారైతే చల్లటి స్నానం మీ ఒక్కరికే కాదు, ప్లాట్‌ఫారం మీద ఫోటో తీసుకునేవాళ్లకు కూడా.

సాయంత్రం

చివరి ట్రిప్పులో నిప్పును లెక్క చూసి తగ్గిస్తూ రావాలి. షెడ్డుకు చేరేసరికి గ్రేటు మీద పలుచటి కణికల పరుపు మాత్రమే మిగిలితే మంచి ఫైర్‌మన్ అంటారు. నిండా మండే నిప్పుతో వస్తే ఇంకో గంట అక్కడే కాపలా ఉండాలి. బూడిద గుంట మీద ఇంజను నిలిపాక పొడవాటి ఇనుప కడ్డీతో కమ్ముల మీద గట్టిపడిన చిట్టెం కదిలించి తీయండి. బొగ్గులోని మట్టి కరిగి గాజులా అతుక్కున్నదే ఈ చిట్టెం, రేపటి గాలిని ఇదే అడ్డుకుంటుంది. కడ్డీ మీరు పట్టుకున్న చివర చల్లగా ఉన్నా, లోపలి నుంచి తీసిన చివర ఎర్రగా ఉంటుంది. వెనక్కి తిరిగే ముందు ఎవరున్నారో చూడండి. బూడిద తొట్టి ఖాళీ చేసి, కింద పడ్డ బూడిద మీద నీళ్లు చిలకరించండి, వేడి లోహం మీద మాత్రం వద్దు.

బాయిలరును గాజు పై దాకా నింపండి. రాత్రికి చల్లబడి నీళ్లు కుంచించుకుపోతాయి, రేపు ఉదయం వచ్చేవారికి సగం గాజైనా కనిపించాలి. చేతి బ్రేకు, రెగ్యులేటరు, రివర్సరు, కుళాయిలు: ఉదయం తడిమి చూసిన నాలుగింటినీ మళ్లీ తడమండి. బూడిద తొట్టి గాలి తలుపులు మూసి, నిచ్చెన ఎక్కి పొగగొట్టం మీద మూత పెట్టండి. వేడి మెల్లగా దిగాలి, చల్లటి గాలి గొట్టాల గుండా ఒక్కసారిగా లాక్కుపోకూడదు. మూత పెట్టినట్లు బోర్డు మీద రాయండి, లేదా నాలాంటివాడు రేపు ఉదయం వస్తాడు.

మరమ్మతుల పుస్తకంలో చూసింది చూసినట్లు రాయండి. "ఇంజెక్టరు సరిగా లేదు" అని రాస్తే ఫిట్టరుకు ఏమీ తెలియదు. "ఎడమ ఇంజెక్టరు, 140 పౌండ్ల పైన అందుకోవడం లేదు, కింద అందుకుంటోంది" అని రాస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

చేతులకు అంటిన మసికి ముందు నీళ్లు తగలనీయకండి. పొడి చేతుల మీదే గిన్నెలు కడిగే సబ్బు ద్రవం, చెంచాడు పంచదార వేసి బాగా రుద్ది, ఆ తరువాతే కడగండి. గోళ్ల సందుల్లోది మాత్రం బుధవారం దాకా ఉంటుంది.